ఒక్కడే దేవుడు, అరకొర పంతులు

మా సభలో ప్రసంగం చెప్పే పని ఇప్పుడు ఇద్దరు కొత్తవాళ్ల చేతికి వచ్చింది. చదువుకున్నవాళ్లు, నాకంటే మంచి గొంతున్నవాళ్లు. ఈ పని ఎట్లా చెయ్యాలో నాలుగు మాటలు రాసిమ్మని అడిగారు. ఎట్లా చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఎట్లా చెయ్యకూడదో మాత్రం చాలా చేసి చూశాను. అది రాస్తున్నాను.

నా పేరు సమాధానం. మా నాయన ఆ పేరును శాంతి అనే అర్థంలో పెట్టాడు. నేను జవాబు అనే అర్థంలో తీసుకున్నాను. నా వృత్తిలో పడిన తిప్పలు సగం అక్కడే మొదలయ్యాయి.

మా సభ సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. మేము క్రైస్తవులమే. దేవుడు ఒక్కడే అంటాం. యేసు ఆయన పంపిన మనిషి, మా గురువు. ఆయన వెంట నడుస్తాం, ఆయనను పూజించం. తక్కిన సంఘాలవాళ్లు తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ కలిసి ఒకే దేవుడంటారు. దాన్ని త్రిత్వం అంటారు. తమాషా ఏమిటంటే, నేను జీతానికి చేరింది ఆ త్రిత్వాన్ని బోధించడానికే.

మంచుగడ్డ

పంతొమ్మిది వందల ముప్పైల్లో, పాస్టర్లను తయారుచేసే వేదపాఠశాలలో చదువు ముగించి హైదరాబాదు పాత బస్తీకి వచ్చాను. మిషన్ వాళ్లు నాకొక సైకిలూ, ఒక హార్మోనియం వాయించే తోటి పంతులునూ ఇచ్చారు. చార్మినార్ నుంచి దక్షిణంగా శాలిబండ, ఆలియాబాద్, ఆపైన చాంద్రాయణగుట్ట దాకా మా ఇలాకా. జబ్బుపడ్డవాళ్లను చూడటం, పిల్లలకు పాఠాలు చెప్పటం, సాయంత్రం నాలుగు దారులు కలిసేచోట పాట పాడి ప్రసంగం చెయ్యటం. ఇదీ పంతులు పని.

వినేవాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. దేవుడు ఒక్కడేనన్న మాట వాళ్లు ఉగ్గుపాలతో తాగినవాళ్లు. అలాంటివాళ్లకు ముగ్గురు ఒక్కడెట్లా అవుతారో చెప్పిరమ్మని ఇరవై మూడేళ్ల నన్ను పంపారు. నాకు భయం వెయ్యలేదు. భయం వెయ్యాలంటే కొంత తెలివి ఉండాలి.

పాఠశాలలో మాకొక పోలిక నేర్పారు. నీళ్లు, మంచు, ఆవిరి. పదార్థం ఒకటే, రూపాలు మూడు. నోటితో చెబితే ఎవడైనా చెబుతాడు, నేను కళ్లకు చూపిస్తాననుకున్నాను. శాలిబండలో గౌస్ భాయ్ హోటల్ ముందు జాగా అడిగాను. గౌస్ భాయ్ నాకంటే పదేళ్లు పెద్ద, గొడవలు ఇష్టంలేని మనిషి. ఒక చెంబు నీళ్లూ, పొగలు కక్కే కెటిలూ ఆయనే ఇచ్చాడు. మంచుగడ్డ నేను కొన్నాను. రంపపు పొట్టులో చుట్టి, గోనెసంచిలో పెట్టి సైకిల్ మీద తెచ్చాను.

అది మే నెల. మా హార్మోనియం పంతులు ఆ రోజు మంచి ఊపులో ఉన్నాడు. చరణాలన్నీ పాడాడు, ప్రతి చరణం తర్వాత పల్లవి రెండేసి సార్లు తిప్పాడు. జనం బాగా చేరారు. నేను గొంతు సవరించుకుని నీళ్లు చూపించాను, ఆవిరి చూపించాను. "ఇప్పుడు చూడండి" అని గోనెసంచి విప్పాను. తడిసిన పొట్టు, అందులో అరిగిపోయిన సబ్బుబిళ్లంత మంచు. దాన్ని పైకెత్తి పట్టుకున్నాను. వేళ్ల సందులోంచి జారి మురుగు మోరీలో పడింది.

ఎవరూ నవ్వలేదు. పాత బస్తీ మర్యాద అట్లాంటిది. నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది. గౌస్ భాయ్ దగ్గరకు వచ్చి, ఓదార్పుగానే అన్నాడు: "ఏం ఫికర్ చెయ్యకు పంతులూ. ఒకాయన పోయిండు. ఇంగ ఇద్దరున్నరు గద, చెప్పు."

అంతకంటే పెద్ద దెబ్బ మర్నాడు తగిలింది. మా పై అధికారి దేవసహాయం అయ్యగారు పిలిపించారు. ఆయన ఆ ఇలాకా గుళ్లన్నిటికీ పెద్ద పాస్టరు. తెల్ల తలపాగా, మండుటెండలో కూడా నల్లకోటు.

"మంచు కరిగిందని వినవడ్డది" అన్నారు.

"అవునయ్యగారూ."

"కరగకపోతే ఇంక ఘోరమయ్యేది. నువ్వు చెప్పింది త్రిత్వం కాదు. ఒక్కడే మూడు యేషాలు ఏస్తడన్నవు. అది తప్పు బోధ అని సంఘం ఎప్పుడో తేల్చింది. గట్ల చెప్పినోళ్లను పూర్వం ఎలేసిన్రు."

అంటే నేను చేరిన రోజు నుంచీ నడిబజారులో వెలివేయదగ్గ బోధ చేస్తున్నానన్నమాట, అదీ మిషన్ జీతం తీసుకుని.

కొత్తవాళ్లకు నా మాట ఇది. పోలికల జోలికి తొందరపడి పోవద్దు. పోలిక మనల్ని సగం దూరం మోస్తుంది. తర్వాత తనదారిన తాను పోతుంది. జనానికి గుర్తుండేది మాత్రం అదే.

అయ్యగారు

పై అధికారుల మీద రాసేటప్పుడు పొగడటమో తిట్టటమో చేస్తారు. దేవసహాయం అయ్యగారి విషయంలో నాకు రెండూ చాతకావు. సంఘపెద్దలంటే ఆయనకు భయం. కమిటీ కూర్చునే రోజు ఆయనకు అన్నం సహించేది కాదు. ఎవరో ఒకరు గట్టిగా మాట్లాడితే, అంతకుముందు తాను అనుకున్నది మానుకునేవారు. అట్లాగని చెడ్డవారు కారు. కలరా వచ్చిన గల్లీలోకి, సొంత చుట్టాలే తొంగిచూడని ఇళ్లలోకి, ఆ నల్లకోటుతోనే వంగి వెళ్లటం నేను చూశాను.

ఆయన నాకు రెండు ముక్కలు నేర్పారు. ఒకటి: "రోగి పక్కన కూసోని నీ రోగాల ముచ్చట చెప్పకు." రెండోది: "తెల్వకుంటే తెల్వదను. నాకు గా అలవాటు తప్పింది. నువ్వన్న ఉంచుకో." రెండో ముక్క ఆయన ఎందుకన్నారో నాకు చాలాకాలం అర్థం కాలేదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను ఆగమన్నారు. మిషన్ వాళ్ల జనానా దవాఖానాలో, అంటే ఆడవాళ్ల ఆసుపత్రిలో, పెద్ద నర్సు మార్తమ్మ మీద ఫిర్యాదు వచ్చిందట. గుడిలో అందరూ నిలబడి విశ్వాస ప్రమాణం చెప్పేటప్పుడు ఆమె మొదటి వాక్యం చెప్పి నోరు మూసుకుంటున్నదట. మొదటి వాక్యం తండ్రియైన దేవుణ్ణి గురించి. కుమారుణ్ణి గురించి మొదలయ్యేసరికి మౌనం. నాకు ఫిర్యాదు అక్కర్లేదు, నేనూ గమనించాను. ఆ మొదటి వాక్యం మాత్రం ఆమె అందరికంటే గట్టిగా చెప్పేది.

"ఇంట్ల గూడ అడిగినోళ్లకు దేవుడొక్కడే, యేసు మనిషే అని చెప్తున్నదంట. పెద్దలు ఊకుంటలేరు. నువ్వు ప్రతి గురువారం పోయి కూసో. మంచిగ చెప్పి తోవకు తే" అన్నారు అయ్యగారు.

మంచుగడ్డ వ్యవహారం తర్వాత కూడా నన్ను పంపారంటే వేరే మనిషి దొరకలేదని అర్థం. నేను మాత్రం నా ప్రతిభను గుర్తించారనుకున్నాను.

మార్తమ్మక్క

మార్తమ్మక్కకు అప్పటికి యాభై దగ్గర పడుతున్నాయి. మద్రాసులో నర్సు చదువు చదివింది. ఇంగ్లీషు, ఉర్దూ రెండూ ధారాళంగా మాట్లాడేది. పర్దా ఇళ్లలోకి పురుళ్లు పొయ్యడానికి వెళ్లేది. ఆలియాబాద్‌లో సగం పిల్లలు ఆమె చేతుల్లోకే వచ్చారనేవారు.

ఇల్లు రెండు గదులు. ముందుగదిలో మంచం మీద ఆమె భర్త యేసురత్నం ఉండేవాడు. పెళ్లయిన కొన్నేళ్లకు ఇంకో ఆడమనిషితో షోలాపూర్ మిల్లుకు వెళ్లిపోయిన మనిషి. ఊపిరితిత్తులు చెడి, ఆ ఆడమనిషి వెళ్లగొట్టాక, తిరిగి వచ్చాడు. మార్తమ్మక్క రానిచ్చింది. మందూ మాకూ, పథ్యం, పక్క దులపటం అన్నీ ఆమే.

నేను మొదటి గురువారం గుమ్మంలో అడుగుపెట్టగానే యేసురత్నం లేచి కూర్చున్నాడు.

"వచ్చినవా పంతులూ. నా భార్యను జర సక్కని తోవల పెట్టు. మూడు పేర్లు నోట్లకెల్లి వస్తలేవు. నాకు మస్తు ఫికరయితుంది."

షోలాపూర్ నుంచి తిరిగి వచ్చినవాడు భార్య తోవ తప్పిందని బెంగపెట్టుకున్నాడు. కాని ఒకటి చెప్పాలి. ఆ బెంగ నిజమైనది. బతుకంతా పట్టుతప్పిన ఆ మనిషి ఆ మూడు పేర్లను మాత్రం వదల్లేదు.

నేను కొత్త పోలిక తెచ్చాను. సూర్యుడు, వెలుగు, వేడి. మార్తమ్మక్క కట్టుగుడ్డలు చుడుతూ చివరిదాకా విన్నది.

"పంతులూ, పోలికలు పక్కకు పెట్టుండ్రి. ఒక్కటి అడుగుత. సిపాయిలు పట్టుకుపోయే ముందు యేసు తోటల మోకాళ్లేసి ఏడ్చిండు గద. ఎవరికి మొక్కిండు?"

"తండ్రికక్కా."

"ఆయన గూడ దేవుడే అంటిరి. మరి తనకు తనే మొక్కుకున్నడా?"

దీనికి పాఠశాలలో జవాబు నేర్పారు. గడగడా చెప్పాను. మనిషిగా మొక్కాడు, దేవుడిగా విన్నాడు.

ఆమె చుట్టటం ఆపింది. "అంటే ఏం జరిగెది ముందే ఎరుక. మరి గా ఏడుపు ఉత్తదా?"

నేను కనుక్కుని వస్తానన్నాను. మంచం మీద నుంచి యేసురత్నం, "మొదటిరోజే ఓడితివి" అని అటు తిరిగి పడుకున్నాడు.

అయ్యగారి అలమారలోంచి లావుపాటి పుస్తకాలు మోసుకుపోయి చదివాను. అవి చాలా బరువు. నాకు వాటిమీద నమ్మకం కలగడానికి ఆ బరువే కారణం. గురువారం గురువారం కొత్త వాక్యాలతో వెళ్లేవాణ్ణి. ఆమె దగ్గర వేరే వాక్యాలుండేవి. అన్నిటికంటే పెద్ద ఆజ్ఞ ఏదని అడిగితే యేసు దేవుడు ఒక్కడేనని మొదలుపెట్టాడు కదా అనేది. ఎవరో మంచివాడా అని పిలిస్తే, దేవుడు తప్ప మంచివాడు లేడన్నాడు కదా అనేది. లోకం ముగిసే ఆ దినం ఎప్పుడొస్తుందో కొడుకుకు కూడా తెలియదన్నాడు కదా అనేది. గెలవాలని అడిగే అడగటం కాదది. పురుడు కష్టమైనప్పుడు ఏ పక్కన అడ్డం ఉందో చూసుకుంటారే, అట్లా చూసేది.

ఒక గురువారం ఉక్రోషం పట్టలేక, "అసలు మీకీ బోధ ఎవరు చేసిన్రక్కా?" అని అడిగాను. ఎవరో దొర పేరో, పుస్తకం పేరో చెబుతుంది, దాన్ని ఖండిద్దామని నా ఆశ.

ఆమె మంచం వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"ఎవ్వరు చెయ్యలే. ఈయన తిరిగొచ్చిన దినం గా వాకిట్ల నిలవడ్డడు. లోపల నేను. తలుపు పెట్టుకోవాల్ననే ఉండె. యేసు యాదికొచ్చిండు, సిలువ మీద కొట్టినోళ్లను మాఫ్ చేసిండు గద. అప్పటిదాక నేనేమనుకునేది? ఆయన దేవుడాయె, దేవునికి మాఫ్ చేసుడు పెద్ద ముచ్చటనా, అది ఆయన పని. నేను మనిషిని, నాతోని గాదు. గా దినం తలుపు పట్టుకోని అనుకున్న. ఒకవేళ ఆయన గూడ నా లెక్క మనిషే అయితే? నొప్పి నా లెక్కనే లేసి, కోపం నా లెక్కనే వచ్చి, అయినా మాఫ్ చేసిండంటే? అనుకున్న కొద్ది భయమైంది పంతులూ. ఎందుకంటే నాకు తప్పించుకునే తోవ లేకుంటయింది. తలుపు తీసిన."

మంచం మీద దగ్గు ఆగిపోయింది. యేసురత్నం నిద్రపోయినట్టు నటిస్తున్నాడు. ఆ రోజు ఎవరు ఓడారో అతను చెప్పలేదు.

బయటికి వచ్చి సైకిల్ ఎక్కటం మరిచిపోయి, చార్మినార్ దాకా నడిపించుకుంటూ పోయాను. నేను చదివిన చదువంతా ఆయనను ఎంత ఎత్తున పెడితే అంత గౌరవమని నేర్పింది. అంత ఎత్తున పెడితే ఆయన వెంట నడిచే పని తప్పుతుందని ఆ చదువులో లేదు. చాలా పుస్తకాలు మోసినవాణ్ణి, ఒక్క తలుపు కూడా తియ్యలేదు.

పెద్దల ముందు

కొన్ని నెలలయ్యాక సంఘపెద్దలు నివేదిక అడిగారు. నోటితోనే చెప్పాలి. అప్పటికి నా మనసు మారిపోయింది. ఎప్పుడు మారిందో చెప్పలేను, పళ్లూడినట్టు కొంచెం కొంచెంగా కదిలి ఒకరోజు చేతిలోకి వచ్చింది. ఆమె తరఫున ధైర్యంగా మాట్లాడాలని అద్దం ముందు గొప్ప ప్రసంగం తయారుచేసుకున్నాను. అద్దంలోని మనిషి చాలా బాగా మాట్లాడాడు.

మర్నాడు పెద్దలంతా బల్ల చుట్టూ కూర్చున్నారు. మార్తమ్మక్కను వరండాలో కూర్చోబెట్టారు. "ఆమె పశ్చాత్తాప పడ్డదా లేదా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు.

నేను లేచాను.  "ఆమె... మస్తు ఓపిక గల మనిషి" అన్నాను.

"అడిగింది అది కాదు."

"చాయ్ గూడ మంచిగ చేస్తది" అన్నాను.

అదే నా గొప్ప ప్రసంగం. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. ఆమెను సంఘంలోంచి తీసివేస్తున్నట్టు తీర్మానించారు. గుడిలోకి రాకూడదు, సంఘం సమాధుల తోటలో అడుగుపెట్టకూడదు.

నేను వరండాలోకి వెళ్లేసరికి ఆమెకు మాట చేరింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. మెట్టు మీద కూర్చుని, దారి తప్పినట్టు నా మొహంలోకి చూసింది.

"చిన్నప్పటిసంది గీ గుళ్లనే పాడిన పంతులూ. మరి ఐతారం నాడు నేను యాడ పాడాలె?"



దవాఖానా నుంచి కూడా తీసెయ్యాలని ఒకరిద్దరు పట్టుబట్టారు. అక్కడి డాక్టరమ్మ, "కాన్పు కష్టమైన రాత్రి మీ పెద్దలు వచ్చి కూర్చుంటారా?" అని అడిగిందట. ఆ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మూడు పిలుపులు

ఆదివారం మధ్యాహ్నం మార్తమ్మక్క తన ఇంటి ముందుగదిలోనే పాడటం మొదలుపెట్టింది. మొదట ఒక్కతే. తర్వాత దవాఖానా ఆయాలు ఇద్దరు వచ్చారు. తర్వాత అక్కడ బట్టలుతికే సాయన్న, ఆమె తమ్ముడి కుటుంబం. నేను పెరటిగుమ్మం నుంచి వెళ్లి వెనక కూర్చునేవాణ్ణి. ఎవరైనా అడిగితే యేసురత్నాన్ని పరామర్శించడానికి వచ్చానని చెప్పేవాణ్ణి. యేసురత్నం, పాట నచ్చితే గొంతు కలిపేవాడు, ప్రార్థన రాగానే గోడవైపు తిరిగేవాడు.

ఆ ఇంట్లో దేవుడు ఒక్కడే అంటున్నారని గల్లీ అంతా పాకింది. మాకు పిలుపులు మొదలయ్యాయి.

మొదట గౌస్ భాయ్ మిఠాయి పట్టుకుని వచ్చాడు. "ముబారక్ మార్తమ్మక్కా. మస్తు దూరం వచ్చిన్రు. ఇంగ రెండడుగులే ఉన్నది, ఏసెయ్యుండ్రి."

తర్వాత ధూల్‌పేట్ నుంచి ఒక హిందూ సంస్కర్త వచ్చాడు. విగ్రహాలు వద్దనీ, దేవుడొక్కడేననీ వాళ్ల సమాజం కూడా అంటుందట. "మీరు తాతల నాటి ఇంటికి తిరిగి వచ్చినట్టే, లోపలికి రావడమే తరువాయి" అన్నాడు. మూడో పిలుపు అయ్యగారిది: ప్రమాణం అంతా చెబుతానని ఒక్కమాట అంటే చాలు, పెద్దలను ఒప్పిస్తానని.

ఒక్కడే దేవుడన్నందుకు మూడు వాకిళ్లు తెరుచుకున్నాయి. నాకు గాబరా పుట్టింది. మార్తమ్మక్క ముగ్గురికీ చాయ్ ఇచ్చింది. గౌస్ భాయ్‌తో అన్న మాట నాకు గుర్తు.

"భాయ్, నీ తోవ నీకు మంచిది, నేనేం తక్కువ చేస్తలేను. నాకు గా ఒక్క దేవుణ్ణి చూపెట్టింది యేసే. ఆయన మాట ఇన్నందుకే గుళ్లకెల్లి బయటవడ్డ. ఇప్పుడు ఆయన చెయ్యి ఇడిస్తనా?"

గౌస్ భాయ్ మిఠాయి పొట్లం ఆమె వైపు జరిపి, "సరే అక్కా. మిఠాయయితే వాపస్ తీస్కపోను" అన్నాడు.

ఆ ఇంట్లోంచి బయటికొచ్చి నేరుగా అయ్యగారి దగ్గరకు పోయాను. నాకు పౌరుషం రావాలంటే ఎప్పుడూ పక్కన ఇంకొకరిది అరువు తెచ్చుకోవాల్సిందే. మూడు పేర్లు ఇక నా నోటితో చెప్పలేనన్నాను.

ఆయన లేచి తలుపు దగ్గరకు వేశారు. "ఇంకెవరికన్న చెప్పినవా?"

"లేదయ్యగారూ."

"చెప్పకు. వేరే మనిషి దొరికెదాంక ప్రసంగానికి ఎక్కకు. కరపత్రాలు పంచు."

అట్లా నేను సగం పంతులునయ్యాను. నమ్మని సంగతులున్న కరపత్రాలను, చదవని జనానికి పంచేవాణ్ణి.

యేసురత్నం పోయిన రోజు

ఎండాకాలం ఒక పొద్దున యేసురత్నం పోయాడు. అయ్యగారు సభల కోసం మెదక్ వెళ్లి ఉన్నారు. ఎండ మండుతున్నది, శవాన్ని ఉంచే వీలులేదు. నా మనసు సంగతి తెలియని పెద్దలు నాకే కబురు పెట్టారు.

దారిపొడుగునా తీర్మానం చేసుకుంటూ వెళ్లాను. ఒక్క దేవుని పేరుమీదే పాతిపెడతాను, పెద్దలు ఏమన్నా సరే. చాయ్ మంచిగ చేస్తదన్న నోటికి ఈ రోజు పరిహారం దొరికింది. నాకు నేనే నమ్మకం కోసం ప్రాణమిచ్చే హతసాక్షిలా కనిపించాను. సైకిల్ కూడా కొంచెం గంభీరంగానే తొక్కాను.

మార్తమ్మక్క భర్త మొహం తుడుస్తున్నది. నేను పక్కన కూర్చుని మెల్లగా చెప్పాను. "అక్కా, నా మనస్సాక్షి ఒప్పుతలేదు. మూడు పేర్లు నేను చెప్పలేను. ఒక్క దేవుని పేరే చెప్త."

మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె తుడిచేది ఆపలేదు.

"ఇది ఎవరి సావు పంతులూ?"

"యేసురత్నం గారిది."

"మరి నడుమ మీ మనస్సాక్షి ఎందుకొచ్చింది? ఆయన బతికినన్ని దినాలు గా మూడు పేర్లే పట్టుకున్నడు. పోయేముందట గూడ అవే అనవోయిండు. నోరు తిరగకపాయె. నేనే అందిచ్చిన."

"మీరా?"

"నేనే. పోయినాయన మీద మన నమ్మకం ఎక్కియ్యద్దు. దేవుడొక్కడే అని మనమే అంటిమి గద. ఈయన మూడు పేర్లు వెట్టి పిలిచినా, ఇన్నది గా ఒక్కడే గద. ఇంకెవరున్నరు ఇనెటందుకు?"

నా హతసాక్షిత్వం అక్కడికక్కడే చల్లారింది. ఒక్క దేవుడున్నాడని నేను నెలలకొద్దీ వాదించి ఒప్పుకున్నాను. ఆమె ఆ మాట మీద నిలబడి ఇల్లు నడిపింది.

సమాధుల తోట గేటు దగ్గర పెద్దలు ఆమెను ఆపారు. తీర్మానం తీర్మానమే అన్నారు. సొంత భర్త శవం లోపలికి పోతుంటే ఆమె గోడ బయట రోడ్డు మీద నిలబడింది. నేను వెనక్కి తిరిగాను. నేనూ లోపలికి రానని చెబుదామని నోరు తెరిచాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పోండ్రి. జర గట్టిగ చెప్పుండ్రి. నాకు ఇనవడాలె."

నేను లోపలికి పోయాను. మట్టి వేసే వేళ వచ్చింది. గోడ వైపు తిరిగి, ఊపిరంతా కూడగట్టి, తండ్రి పేరు, కుమారుని పేరు, పరిశుద్ధాత్మ పేరు అరిచాను. గొంతు చీలిపోయింది. ఆ మాటలను నమ్మని పంతులు అరుస్తున్నాడు, నమ్మని భార్య బయట వింటున్నది, నమ్మిన ఒక్క మనిషి మట్టిలో ఉన్నాడు. నా వృత్తిలో చెయ్యవలసిన పనిని చెయ్యవలసినట్టు చేసింది బహుశా ఆ ఒక్కసారే.

గోడ అవతల నుంచి ఆమేన్ వినిపించింది.

రెండోసారి చెప్పటం

అయ్యగారు మెదక్ నుంచి రాగానే పిలిపించారు. వెళ్లేసరికి లేచి వచ్చి నా రెండు భుజాలు పట్టుకున్నారు. ఎన్నడూ అట్లా చేసిన మనిషి కాదు.

"తిరిగొచ్చినవంట గద సమాధానం. ఎంత గట్టిగ చెప్పినవో, రోడ్డు మీదికి ఇనవడ్డదని పెద్దలే చెప్పిన్రు. ఒకరిద్దరు కండ్లనీళ్లు వెట్టుకున్నరంట. వచ్చే ఐతారం ప్రసంగం నీదే."

కాదనడానికి నోరు తెరిచాను. ఆయన కళ్లలో సంతోషం చూసి మూసుకున్నాను. ఇంటికి వెళ్లి నా భార్య రూతమ్మకు చెప్పాను.

"ఉంటరా, ఇడిచిపెడ్తరా, ఏదో ఒకటి తేల్చుండ్రి. సగం సగం మొగుడు నాకు వద్దు" అన్నది ఆమె. నా మనసంతా ఆమెకు ముందే తెలుసు. నేను నిద్రలో కూడా వాదించేవాణ్ణట.

మొదటిసారి కాదనటం తేలిక. అప్పుడు నా దగ్గర కోపం ఉంది, అరువు పౌరుషం ఉంది. రెండోసారి ఏమీ లేదు. ప్రేమగా చాచిన చెయ్యి ముందుంది. వారమంతా ఆయనకు కనపడకుండా గల్లీలు మార్చి తిరిగాను. శనివారం ఇంక వీలులేక వెళ్లాను.

"అయ్యగారూ, నేను తిరిగి రాలేదు."

"మరి సమాధికాడ?"

"అది యేసురత్నం గారి నమ్మకం. నేను నోరు అరువిచ్చిన, గంతే."

కేకలేస్తారనుకున్నాను. ఆయన కుర్చీలో వాలిపోయారు. "అరువిచ్చే నోరు గూడ అందరికి ఉండదు" అన్నారు. ఆ తర్వాత లేచి తలపాగా పెట్టుకున్నారు. ఆయన బజారులో నడిస్తే మేము పంతుళ్లం వెనక నడవాలి, అది ఆనవాయితీ. ఆ రోజు నేను వెనక పడితే ఆగారు. నేను అందుకునేదాకా ఆగి, పక్కన నడిచారు. హుసేనీఆలం నుంచి శాలిబండ దాకా, జనం చూస్తుండగా.

మలుపు దగ్గర నిలబడ్డారు. "నీ ప్రార్థనల నన్ను యాదుంచుకో. ఎవరి పేరు మీద అనేది నీ యిష్టం. నాకు తెల్వదు."

తెల్వదు అనే మాట ఆయన నోట వినటం నాకు అదే మొదలు.

ఆ తర్వాత ఒక ప్రైవేటు బడిలో తెలుగు పంతులుగా కుదిరాను. అదే చివరిదాకా నా తిండి. ప్రసంగం జీతంలేని పని అయ్యింది. పంతొమ్మిది వందల నలభైల చివర, రాజ్యం మారే గొడవల్లో, బస్తీకి చెడ్డరోజులు వచ్చి చాలా ఇళ్లకు తాళాలు పడ్డాయి. మా సభ జరిగే ముందుగది మాత్రం ఏ ఆదివారమూ మూతపడలేదు. అందులో నా ఘనత లేదు. తాళంచెవి మార్తమ్మక్క దగ్గర ఉండేది.

అయ్యగారిని వదిలి వచ్చిన మర్నాడే ఆదివారం. మొదటిసారి ఆ ఇంటి ముందువాకిట్లోంచి లోపలికి వెళ్లాను. మార్తమ్మక్క తెల్లచీర కట్టుకుని, కళ్లు వాచి ఉంది. మంచం తీసేసి చాప పరిచారు. ఆయాలు, సాయన్న, తమ్ముడి కుటుంబం కూర్చున్నారు. పాట అయ్యింది. ప్రార్థన నన్ను చెయ్యమన్నారు.

ఎన్నో ఏళ్లుగా నా ప్రార్థనలకు ఒక తోక ఉండేది. మూడు పేర్లూ వరసగా చెప్పి, ఆ ఊపులో ఆమేన్ అనేసేవాణ్ణి. ఆ రోజు ఒక్క దేవునికి మొక్కాను. యేసురత్నం కోసం, అయ్యగారి కోసం, రాబోయే కాన్పుల కోసం అడిగాను. అడగవలసింది అయిపోయింది. తోక లేదు. ఎక్కడ ఆగాలో తెలియక ఆగిపోయాను.

అందరూ కళ్లు మూసుకునే కూర్చున్నారు. ఒక ఆయా దగ్గి ఊరుకుంది.  చివరికి మార్తమ్మక్క ఒక కన్ను తెరిచింది.

"అయిపోయిందా పంతులూ?"

"అయిపోయిందక్కా."

"మరి ఆమేన్ అనుండ్రి. ఆయాలకు డ్యూటీ టైమయితుంది."